స్టెంట్ వేశాక విటమిన్ ఇ వాడాలా? పనికొస్తుందా, డబ్బు దండగా?

కాకినాడకుర్రోడు: నాన్నకి స్టెంట్ వేశారు. డాక్టర్ రాసిన మందులు కాక, మందుల షాపతను చెప్పాడని రోజూ ఆ ఆకుపచ్చ విటమిన్ ఇ క్యాప్సూల్, ఎవియన్ 400, ఒకటి వేసుకుంటున్నారు. ఫ్రీ రాడికల్స్ గుండె కణాల్ని పాడుచేస్తాయట, ఇది అడ్డుకుంటుందట. నిజమేనా?

ల్యాబ్‌మిత్ర: అందులో నిజం ఉంది. మూసుకుపోయిన నాళం తెరుచుకుని రక్తం మళ్ళీ పారగానే గుండె కణాల మైటోకాండ్రియాలో (కణానికి శక్తినిచ్చే భాగాల్లో) సూపర్ఆక్సైడ్ లాంటి ఫ్రీ రాడికల్స్, అంటే దేనితోనైనా ఇట్టే చర్య జరిపే అణువులు, ఒక్కసారిగా పుట్టుకొస్తాయి, కణం పొరలోని కొవ్వు వరసగా దెబ్బతింటూ పోతుంది. కొవ్వులో కరిగే విటమిన్ ఇ ఆ గొలుసుని మధ్యలో తెంపుతుంది. 1996లో కేంబ్రిడ్జ్ వాళ్ళ చావోస్ ట్రయల్‌లో 2,002 మంది గుండె రోగుల్లో, ప్రాణం తీయని గుండెపోట్లు బాగా తగ్గాయి కూడా. మానమని నేనైతే చెప్పను.

లెక్కలపిచ్చి: చావోస్ దగ్గరే ఆగిపోతే ఎలాగండీ? అందులో మరణాలు తగ్గలేదు, అదీ చెప్పాలిగా. 2000లో హోప్ ట్రయల్: తొమ్మిదిన్నర వేల మందిలో సగం మందికి రోజూ 400 యూనిట్ల విటమిన్ ఇ, మిగతావాళ్ళకి ఉత్తుత్తి మాత్ర, నాలుగున్నరేళ్ళు, ఏ తేడా లేదు. 2002లో బ్రిటన్ హార్ట్ ప్రొటెక్షన్ స్టడీలో 20,536 మంది. సగం మందికి విటమిన్ ఇ, సి, బీటా కెరోటిన్ మూడూ కలిపి ఐదేళ్ళు ఇచ్చారు, రక్తంలో విటమిన్లు పెరిగాయి, అంటే వంటబట్టాయి, అయినా గుండెపోట్లు తగ్గలేదు. అదే స్టడీలో ఇచ్చిన సిమ్వాస్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు) మాత్రం శుభ్రంగా పనిచేసింది.

ల్యాబ్‌మిత్ర: వాళ్ళంతా అప్పటికే నాళాలు పాడైనవాళ్ళో, ఆ ముప్పు బాగా ఉన్నవాళ్ళో కదా. ముందునుంచీ వాడితే వేరేగా ఉండొచ్చు.

లెక్కలపిచ్చి: అదీ చూశారు. అమెరికాలో 14,641 మంది మగ డాక్టర్లు, ఎక్కువమంది ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే, వాళ్ళలో సగం మందికి విటమిన్ ఇ ఇచ్చి సుమారు ఎనిమిదేళ్ళు చూశారు. 2008లో ఫలితం వచ్చింది: గుండెకి లాభం లేదు, పైగా విటమిన్ ఇ వాడినవాళ్ళలో మెదడులో రక్తస్రావంతో వచ్చే స్ట్రోక్ ఎక్కువైంది. నా ఉద్దేశంలో అసలు లోపం సిద్ధాంతాన్ని మరీ సులువు చేసుకోవడంలో ఉంది. ఈ రాడికల్స్ పూర్తిగా చెడ్డవి కావు, కణం వాటిని సంకేతాలుగా కూడా వాడుకుంటుంది, అదుపు చేయడానికి సూపర్ఆక్సైడ్ డిస్మ్యుటేజ్, కాటలేజ్ లాంటి సొంత ఎంజైములున్నాయి. బయటినుంచి మాత్ర మింగినంత మాత్రాన, అవసరమైన క్షణంలో అవసరమైన చోటికి అది చేరుతుందని ఎక్కడుంది?

గీతక్క: గొడవ తర్వాత, ముందు ఈ అబ్బాయి సంగతి చూడండి. బాబూ, స్టెంట్ అంటే నాన్నగారు రక్తం గడ్డకట్టకుండా చూసే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వేసుకుంటూ ఉండొచ్చు. ఎక్కువ మోతాదు విటమిన్ ఇ కూడా రక్తాన్ని పలచన చేసేదే. పల్లీలు, పొద్దుతిరుగుడు గింజల్లో ఉన్నది తింటే భయం లేదు, క్యాప్సూల్ సంగతి వేరు. హోప్‌ని ఇంకొన్నేళ్ళు పొడిగించి చూస్తే గుండె నీరసించడం (హార్ట్ ఫెయిల్యూర్) విటమిన్ ఇ వాళ్ళలోనే ఎక్కువ కనిపించింది కూడా.

కాకినాడకుర్రోడు: అవునక్కా, ఆ రెండూ వేసుకుంటున్నారు. డాక్టర్‌కి ఫోన్ చేసి అడిగేదాకా ఆ క్యాప్సూల్ పక్కన పెట్టించా. స్టాటిన్ "వేడి చేస్తుంది" అని ఆయన రోజు విడిచి రోజు వేసుకుంటున్నారని ఇప్పుడే తెలిసింది, దాని టెన్షన్ ఇంకోటి.