సమస్యాపూరణం: "శ్రుతిని సరిచేయ మిగిలిన శ్రుతులు చెడెను"

నిర్వాహకుడు, అమలాపురం:
ఈ వారం తేటగీతి. సమస్య పాదం పైన ఉంది. ట్రెమొలో (బార్ నొక్కితే తీగలన్నీ ఒక్కసారే వదులయ్యే ఏర్పాటు) ఉన్న ఎలక్ట్రిక్ గిటార్ మీదే పూరించాలి. సంక్రాంతి తీర్థాల్లో ఆర్కెస్ట్రాకి వాయించేవాళ్లకి ఈ బాధ కొత్త కాదు. ఎవరో అన్న మాటగా చెప్పి దాటేయొద్దు, శ్రుతి ఎందుకు చెడిందో పద్యంలోనే తేలాలి.

నరసాపురం సభ్యుడు:
ఆరు తీగలు వంతెన నటుగ గుంజ
వెనుక స్ప్రింగుల బిగువది వెనుకకీడ్వ
నడుమ నూగెడు వేళలో నాదు తీగ
శ్రుతిని సరిచేయ మిగిలిన శ్రుతులు చెడెను

నిర్వాహకుడు:
మొదటి రెండు పాదాల్లో విషయమంతా పట్టేశారు. 1954లో స్ట్రాటోకాస్టర్ గిటార్‌తో వచ్చిన ఏర్పాటు ఇదే: ముందు తీగలు, గిటార్ వీపులో స్ప్రింగులు. రెండు లాగుళ్లూ సమానమైన చోట బ్రిడ్జి (తీగలు తగిలించిన పలక, మీ పద్యంలో వంతెన) నిలుస్తుంది. ఒక తీగ బిగిస్తే బ్రిడ్జి ఆ కాస్త ముందుకి వాలుతుంది, మిగతా అయిదూ వదులై శ్రుతి దిగిపోతాయి. మూడో పాదంలో "నాదు" మాత్రం యతి కోసం పడింది. ఎవరి తీగైనా అంతే కదండీ! "లాగులాటలో నూగాడ లావు తీగ" అని చూడండి. ఏ తీగో తెలుస్తుంది, పై రెండు పాదాలకీ ముడి పడుతుంది.

యానాం సభ్యుడు:
కడలి గాలికి గిటారు కఱ్ఱ యుబ్బె
తీగపై తుప్పు పట్టెను తీరు మారె
మొదటి దానిని బిగియించి మోజు తీర
శ్రుతిని సరిచేయ మిగిలిన శ్రుతులు చెడెను

పాలకొల్లు సభ్యురాలు:
మొదటి పాదంలో మూడో గణం చూడండి. "గిటారు" జగణం, తేటగీతిలో దానికి చోటు లేదు. "కడలి గాలికి కఱ్ఱయే కాస్త యుబ్బె" అంటే సరిపోతుంది.

నిర్వాహకుడు:
గణం కుదిరింది గానీ కారణం కుదరలేదు. మన ఉప్పుగాలికి తీగలు తుప్పు పట్టడం, తేమకి గిటార్ మెడ కదలడం నిజమే. అవి రోజుల మీద జరిగేవి. సమస్యలో శ్రుతులు చెడేది చెయ్యి ఇంకా తీగ బిగించే కీ మీద ఉండగానే.

పాలకొల్లు సభ్యురాలు:
నట్టు గాటున పెన్సిలు నలుపు రాసి
క్రింది నుండియె పైకెత్తి కీలు త్రిప్పి
ఒక్క చుట్టుతో నాపగ నొక్క తీగ
శ్రుతిని సరిచేయ మిగిలిన శ్రుతులు చెడెను

నిర్వాహకుడు:
శభాష్! నా లెక్కలో ఈ వారం ఇదే ముందు. ట్రెమొలో బార్ నొక్కి వదిలాక తీగ నట్టు (మెడ చివర తీగలు ఆనే పట్టీ) గాట్లో ఇరుక్కుంటే పాత చోటికి రాదు. కీ తిప్పుతుంటే అక్కడ "టిక్" మని వినిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. పెన్సిల్‌లోని గ్రాఫైట్ రాస్తే తీగ జారుతుంది. "క్రింది నుండియె" అన్నది ఇంకా బాగుంది. శ్రుతి దాటిపోతే దించి ఆపేయకూడదు, ఇంకా కిందికి దించి మళ్లీ పైకి రావాలి. లేకపోతే కీలో మిగిలిన వదులు వాయిస్తుండగా తీగలోకి వచ్చేస్తుంది. ఇక సమస్య విడిపోయింది "ఒక్క చుట్టు" దగ్గర. లావు తీగతో మొదలెట్టి సన్న తీగ దాకా వచ్చేసరికి లావుది దిగి ఉంటుంది. మళ్లీ మొదటికి రావాలి. చుట్టు చుట్టుకీ తేడా తగ్గుతుంది.

నరసాపురం సభ్యుడు:
"లావు తీగ" తీసుకున్నాను, ధన్యవాదాలు. మేడమ్, కొత్త తీగలు వేసేటప్పుడు ఆరూ ఒకేసారి తీసేయొచ్చా?

పాలకొల్లు సభ్యురాలు:
వద్దండీ, స్ప్రింగులు బ్రిడ్జిని వెనక్కి లాగేస్తాయి. ఒక్కొక్కటే మార్చండి. అన్నీ తీయక తప్పదంటే, శ్రుతిలో ఉన్నప్పుడే బ్రిడ్జి పలక వెనక అంచు కింద గుడ్డ చుట్టిన చెక్కముక్క సరిగ్గా పట్టేలా పెట్టండి. కొత్త తీగని పన్నెండో ఫ్రెట్ (మెడ మీది అడ్డకమ్మీ) దగ్గర మెల్లగా పైకి లాగి మళ్లీ శ్రుతి చెయ్యండి. లాగినా దిగకుండా ఉన్నప్పుడే ముక్క తీయండి. పాత సెట్టు ఎంత లావో అంత లావు తీగలే వేస్తే స్ప్రింగుల స్క్రూలు ముట్టుకోవాల్సిన పని ఉండదు.