కీమోలో ఉన్న బాబు, పక్కింట్లో ఆటలమ్మ, ఆదివారం పోలియో చుక్కలు

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్లు. రక్త క్యాన్సర్, మెయింటెనెన్స్ కీమో నడుస్తోంది. ఆదివారం వాడికీ, పది నెలల చెల్లికీ పోలియో చుక్కలు వేయించమని ఆశా అక్క చెప్పి వెళ్లింది. వేయించొచ్చా? ఇంకోటి, నిన్న సాయంత్రమంతా వాడు ఆడుకున్న పక్కింటి పాపకి ఇవాళ ఆటలమ్మ పోసింది. వాడికైతే ఏమీ లేదు. రెండు రోజులు చూద్దామా?

జవాబు: అక్కా, చూడొద్దు. ఇప్పుడే మీ క్యాన్సర్ వార్డుకి ఫోన్ చేయండి. పొక్కులు లేవడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఆటలమ్మ అంటుకుంటుంది, కాబట్టి నిన్నటి ఆట లెక్కలోకి వస్తుంది. కీమో పిల్లల్లో అది ఊపిరితిత్తులకీ కాలేయానికీ పాకి ప్రాణం మీదికి తెస్తుంది. మా పాపకి ఇలాగే అయినప్పుడు డాక్టరమ్మ మొదట అడిగింది, "కలిసి ఎన్ని గంటలైంది?" అని. యాంటీబాడీల ఇంజెక్షన్ ఎంత త్వరగా పడితే అంత మేలు, 96 గంటల్లోపైతే మరీ మంచిది. 10 రోజుల దాకా ఇస్తారు. అది దొరక్కపోతే ఎసైక్లోవిర్ అనే వైరస్ మందు ఇస్తారు. ఏదన్నది డాక్టరే చెప్పాలి. కలిసి ఆడుకున్నాక 8వ రోజు నుంచి 21వ రోజు వరకు (ఆ ఇంజెక్షన్ ఇస్తే 28 వరకు) వాడి నుంచి వేరేవాళ్లకి అంటుకోవచ్చు. ఆ రోజుల్లో ఆసుపత్రికి వెళ్తే ముందే చెప్పండి, ఓపీలో కూర్చోబెట్టొద్దు. అక్కడున్నవాళ్లూ మన పిల్లల్లాంటివాళ్లే.

చుక్కలు బాబుకి వద్దు, అందులో ఉన్నది బలం తగ్గించిన బతికున్న వైరస్. చెల్లికీ వద్దు, ఆ వైరస్ వారాల తరబడి మలంలో పోతుంది, అలా బాబుకి అంటుకోవచ్చు. తనకి పోలియో ఇంజెక్షన్ అడగండి. ఆశా అక్కకి ఆసుపత్రి ఫైలు చూపిస్తే అర్థం చేసుకుంటుంది.

ప్రశ్న: చెల్లికి 9 నెలల ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) ఇంకా పడలేదు. అదీ బతికున్న వైరసే కదా, ఆపేయాలా?

జవాబు: అస్సలు ఆపకండి అక్కా! ఎంఆర్ టీకా వైరస్ ఇంట్లోవాళ్లకి అంటుకోదు. చెల్లి ద్వారా తట్టు ఇంట్లోకి రాకుండా కాపాడేది ఆ సూదే. బాబుకి మాత్రం కీమో పూర్తయ్యాక, కనీసం 3 నెలలు ఆగాక, డాక్టరు చెప్పినప్పుడే. ఫ్లూ సూది ఏటా ఇంటిల్లిపాదీ వేయించుకోండి, బాబుకి కూడా డాక్టర్ని అడిగి. జ్వరం 100.4 దాటితే మాత్రం ఏ వేళైనా ఆసుపత్రికే.

ప్రశ్న అడిగినవారు: ఫోన్ చేశాను చెల్లీ. వార్డులోకి నేరుగా రావొద్దు, గేటు దగ్గరికొచ్చి ఫోన్ చేయమన్నారు. బయల్దేరుతున్నాం.