ఈస్ట్ ఫేసింగ్ అంటే గుమ్మమా, బాల్కనీయా?

పెన్నాగట్టు: నెల్లూరులో ఫ్లాటు చూశాను. గుమ్మం తూర్పుకే ఉంది కానీ తెరిస్తే కనిపించేది కారిడారు, లిఫ్టు. బాల్కనీ పడమటి వైపు. బిల్డరేమో ఈస్ట్ ఫేసింగ్ అని అదనంగా అడుగుతున్నాడు. ఇవ్వొచ్చా?

ఒంగోలు మేస్త్రి: గుమ్మం ఎటుంటే అటే. ఇందులో చర్చేముంది?

పాతబడి పంతులు: ఉంది. 'పూర్వ' అంటే తూర్పు, ముందు కూడా. 'పశ్చిమ' అంటే వెనుక, 'దక్షిణ' అంటే కుడి. పొద్దుపొడుపుకు ఎదురుగా నిలబడ్డ మనిషి ఒంటిని బట్టి వచ్చిన పేర్లివి. అంటే తూర్పు చూడాలంటే ఎండ ముఖాన పడాలి. లిఫ్టును చూసే గుమ్మానికి తూర్పేమిటి?

మైపాడు: మాకు తూర్పంటే సముద్రం. అంతే.

ఒంగోలు మేస్త్రి: పంతులుగారూ, సంస్కృతంతో గోడ లేవదు. దిక్సూచి పెడతాం, అది చెబుతుంది.

పాతబడి పంతులు: అది చూపేది అయస్కాంత ఉత్తరం. మన దగ్గర తేడా కొద్దిగానే, పోనివ్వండి. సూర్యుడు సరిగ్గా తూర్పున పొడిచేది మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతాల్లోనే. జూన్‌లో నెల్లూరులో సుమారు 24 డిగ్రీలు ఉత్తరానికి జరుగుతాడు, డిసెంబరులో అంతే దక్షిణానికి. ఏ తూర్పుకు డబ్బు కట్టాలి?

కావలి కోడలు: గుమ్మం కూడా నెలకోసారి జరపమంటారా ఏంది 😀

ఒంగోలు మేస్త్రి: ఇల్లు కట్టించుకునే ఎవరూ నన్ను సూర్యుణ్ణి కొలవమనలేదు. అసలు తూర్పంటే మీకెందుకండీ అంత మంట?

పాతబడి పంతులు: మంటే! స్థలం పంచేటప్పుడు మా నాన్న 'పెద్దోడికి పడమర, చిన్నోడికి తూర్పు, వాస్తు ప్రకారం' అన్నారు. నోరెత్తలేదు. తర్వాత తూర్పు పక్కన పెద్ద రోడ్డు పడింది. ఇప్పుడు తమ్ముడిది కమర్షియల్, నాది సందు. ఇంటికొచ్చిన ప్రతివాడూ 'తూర్పు కదా, కలిసొచ్చింది' అంటాడు.

ఒంగోలు మేస్త్రి: కలిసొచ్చింది రోడ్డు సార్. అదే పడమట పడుంటే వాస్తు గొప్పదని మీరే రాసేవాళ్లు.

పాతబడి పంతులు: రాసేవాణ్ణి కాదు.

మైపాడు: రాసేవాళ్లే.

పెన్నాగట్టు: ఇక్కడ నా ఫ్లాటు సంగతి ఎవరికైనా గుర్తుందా? అదనం ఇవ్వనన్నాను. అదే అంతస్తులో ఎదురుది చూపించాడు. గుమ్మం పడమరకు, బాల్కనీ తూర్పుకు. అదీ ఈస్ట్ ఫేసింగేనట, రేటూ అదే.