పేరు లేని పాత స్పీకర్ పెట్టెల జత: ఎవరివో తేల్చడం ఎలా, బాగు ఎక్కడ మొదలుపెట్టాలి?

కోఠీ_కుర్రాడు:

జుమ్మేరాత్ బజార్‌లో దొరికిన జత. ఎక్కడా పేరు లేదు, ముందు జాలీ మూలలో బ్యాడ్జి ఊడిన రెండు చిన్న బెజ్జాలు మాత్రం ఉన్నాయి. బయటి కొలతలు 63.5 × 38.1 × 30.5 సెం.మీ. బోర్డు 19 మి.మీ. పార్టికల్ బోర్డు, పైన ముదురు గోధుమరంగు వెనీర్ (అంటించిన పలచని చెక్క పొర). పోర్టు (గాలి పోయే రంధ్రం) లేదు.

12 అంగుళాల ఊఫర్లు (మంద్ర స్వరాల స్పీకర్లు). చట్రం మీద ఒకదానికి 328-7314, రెండోదానికి 328-7316 అని ముద్ర ఉంది. మీటరులో 6.3, 6.2 ఓమ్‌లు. చుట్టూ ఉన్న ఫోమ్ వేలు తగిలితే పొడిగా రాలుతోంది. ఒక ఊఫర్ కోన్ నొక్కితే లోపల గీసుకుంటున్న చప్పుడు. ట్వీటర్లు (సన్నని స్వరాల స్పీకర్లు) ఫిలిప్స్ ఏడీ 0160/టీ8, ఒకటి చచ్చిపోయింది. వెనక ట్రెబుల్ నాబ్ తిప్పితే గరగర. క్రాసోవర్ (స్వరాలను ఊఫర్‌కు, ట్వీటర్‌కు పంచేది) అనదగ్గది ఒక్క కెపాసిటర్: 4 మైక్రోఫారడ్, 50 వోల్టులు, నాన్‌పోలార్ (ప్లస్, మైనస్ తేడా లేనిది). ఒక పెట్టె అడుగు నీళ్లు తాగి ఉబ్బింది, వెనీర్ రెండు చోట్ల లేచింది.

అమ్మినతను ఫిలిప్స్ పెట్టెలన్నాడు. నిజమేనా? ముందు మెషీన్‌తో రుద్దించి పాలిష్ కొట్టిద్దామనుకుంటున్నా.

పాతముద్ర:

మెషీన్ పక్కన పెట్టండి. ఊఫర్లు ఫిలిప్స్‌వి కావు.

328 అనేది అమెరికాలో వాడిన ఈఐఏ (ఎలక్ట్రానిక్స్ పరిశ్రమల సంఘం) తయారీదారు కోడ్. అది యూటా కంపెనీది, ఇండియానా రాష్ట్రం హంటింగ్టన్‌లో ఉండేది. తర్వాతి 73 సంవత్సరం, 14 వారం. అంటే ఒకటి 1973 ఏప్రిల్ మొదట్లో, రెండోది రెండు వారాల తర్వాత తయారైంది. రెండూ ఇంత దగ్గరగా ఉన్నాయంటే ఊఫర్లు మొదటి నుంచీ జతే అనుకోవచ్చు. ఇదే పద్ధతిలో 220 జెన్సెన్, 465 ఆక్స్‌ఫర్డ్, 137 సీటీఎస్, 67 ఎమినెన్స్, 391 ఆల్టెక్, 285 రోలా. కోడ్ తర్వాత మూడంకెలే ఉంటే మొదటిది సంవత్సరం చివరి అంకె మాత్రమే. 465-821 అని కనబడితే 1948, 58, 68లలో ఏదైనా కావచ్చు. అప్పుడు అయస్కాంతం, కోన్, చట్రం చూసి దశాబ్దం తేల్చుకోవాలి.

ఫిలిప్స్ నంబర్లలో చివరి సంఖ్య ఓమ్‌లు, దాని ముందు అక్షరం పని: టీ అంటే ట్వీటర్, డబ్ల్యూ అంటే ఊఫర్. ఏడీ 8066/డబ్ల్యూ8 అంటే 8 అంగుళాల, 8 ఓమ్‌ల ఊఫర్. మీ అమ్మకందారు ట్వీటర్ మీది పేరు చదివి పెట్టెకు అంటగట్టాడు.

అయితే ఊఫర్ అమెరికాది కాబట్టి పెట్టె కూడా అమెరికాదే అనుకుంటే అదీ అదే తప్పు. యూటా తన డ్రైవర్లను (పెట్టెలో బిగించే విడి స్పీకర్లను) వేరే కంపెనీలకూ అమ్మేది. మన దగ్గర విదేశీ డ్రైవర్లు తెప్పించుకుని వడ్రంగి చేత పెట్టె కట్టించుకున్నవాళ్లూ ఉన్నారు. మీ కొలతలు సరిగ్గా 25 × 15 × 12 అంగుళాలు. కానీ మన వడ్రంగులూ అంగుళాల్లోనే కోస్తారు, అందుకని దీన్ని సాక్ష్యంగా తీసుకోను.

ఇంకా చూడాల్సినవి: ట్వీటర్ విప్పి దాని రంధ్రం అంచు ఆకురాయితో పెంచినట్టుందా, వాడని పాత స్క్రూ బెజ్జాలు ఉన్నాయా? ట్వీటర్ తీగల టంకం ఊఫర్ టంకం కంటే మెరుస్తోందా? స్క్రూల తల మీద ఒకే గాడా, ప్లస్ గుర్తా? వెనక కనెక్షన్ స్క్రూ టెర్మినలా, రెండు పిన్నుల డిన్ (జర్మన్ ప్రమాణపు) సాకెట్టా? డిన్ అయితే యూరప్ వైపు చూడాలి. వెనీర్ టేకా, వాల్‌నట్టా? వాల్‌నట్ అయితే అమెరికా వాదనకు బలం. కెపాసిటర్ ఒంటి మీద తేదీ, లోపలి దూది రకం, బోర్డు వెనక సుద్దతో రాసిన అంకెలు, అన్నీ ఫోటో తీసుకోండి. రుద్దడం మొదలైతే ముందు పోయేవి ఈ గుర్తులే.

కోన్_డాక్టర్:

ఊఫర్ల సంగతి. ఫోమ్ పోయిన ఊఫర్ గీసుకుంటే కాయిల్ (కోన్ వెనక అయస్కాంతం సందులో కదిలే తీగచుట్ట) పాడైందని తీర్మానించకండి. కోన్‌ను మధ్యలో నిలబెట్టేవి రెండు, లోపల స్పైడర్ (ముడతల గుడ్డ వలయం), బయట ఫోమ్. ఫోమ్ పోతే కోన్ ఒక పక్కకు వాలి కాయిల్ ఆ సందు గోడకు తగులుతుంది. బొటనవేళ్లు రెండూ ఎదురెదురుగా పెట్టి కోన్‌ను సమంగా నొక్కండి. చప్పుడు పోతే కాయిల్ బాగానే ఉన్నట్టు. ఎలా నొక్కినా గీసుకుంటుంటే కాయిల్ ఉబ్బిందో, సందులో చెత్త పడిందో. ఫోమ్ వేసేదాకా పాట పెట్టొద్దు, ఆపేది లేక కోన్ ఎక్కువగా ఊగి కాయిల్ దెబ్బతింటుంది.

పాలియురిథేన్ ఫోమ్ వాడకపోయినా గాలిలో తేమకు చితికిపోతుంది. విశాఖ, కాకినాడ వైపు ఇంకా త్వరగా. దాని బదులు రబ్బరు వేస్తామనేవాళ్లుంటారు. రబ్బరు మన్నుతుంది గానీ బరువు. కోన్ కదిలే బరువు, బిగువు రెండూ మారతాయి. మూసిన పెట్టెలో ఊఫర్ లెక్కకు ఆ రెండూ ముఖ్యం. నేనైతే ఫోమే వేస్తాను.

12 అంగుళాలని చెప్పి సరౌండ్ (కోన్ చుట్టూ అంటించే ఫోమ్ వలయం) తెప్పించకండి, అంచులు కుదరవు. నాలుగు కొలతలు కావాలి: చట్రం మీద అంటుకునే బయటి వ్యాసం, ఉబ్బు బయటి అంచు, ఉబ్బు లోపలి అంచు, కోన్ వ్యాసం. లోపలి అంచు చదునుగా ఉండాలా, కోన్ వాలుకు వంగి ఉండాలా అనేది కూడా చెప్పాలి.

ముందు చట్రానికి, కోన్‌కు మధ్య ఉన్న సందు మీద టేపు వేసి, పాత ఫోమ్‌ను మొద్దు చాకుతో గీకండి. పొడి కాయిల్ సందులోకి పోతే మళ్లీ గీత చప్పుడే. అట్ట గాస్కెట్‌ను విరగకుండా హెయిర్ డ్రైయర్ వేడికి మెత్తబరిచి లేపండి, అది మళ్లీ కావాలి. మిగిలిన జిగురు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కొద్దికొద్దిగా తుడవాలి. కాగితం కోన్‌ను నానబెట్టొద్దు, థిన్నర్ అసలే వద్దు.

మధ్యలో నిలబెట్టడానికి రెండు దారులు. డస్ట్ క్యాప్‌ను (కోన్ నడిమి గుండ్రటి మూతను) బ్లేడుతో మూడొంతులు కోసి మూతలా పైకెత్తి, కాయిల్‌కు, మధ్య ఇనుప దిమ్మెకు నడుమ ఓహెచ్‌పీ షీటు (పలచని పారదర్శక ప్లాస్టిక్) ముక్కలు నాలుగు దూర్చడం ఒకటి. 30 హెర్ట్జ్ స్వరం తక్కువ శబ్దంతో పెట్టి, గీత వినబడని చోటుకు సరౌండ్‌ను జరుపుతూ అంటించడం రెండోది. మీది ఇప్పటికే గీసుకుంటోంది కాబట్టి షీటు ముక్కలే నమ్మకం. కాగితం కోన్‌కు పీవీఏ రకం తెల్ల జిగురు చాలు. ముందు కోన్ అంచు అంటించి ఆరనివ్వండి, తర్వాత చట్రం అంచు. 24 గంటలు కదపొద్దు. షీటు ముక్కలు తీశాక డస్ట్ క్యాప్ అంచును అదే జిగురుతో మూయండి. చిన్న సందు మిగిలినా గాలి బుస్సుమంటుంది.

అయస్కాంతాన్ని విప్పొద్దు. ముఖ్యంగా ఆల్నికో (ఒక రకం అయస్కాంత లోహం) అయితే విప్పితే బలం తగ్గిపోతుంది, మళ్లీ ఎక్కించాలంటే ప్రత్యేక యంత్రం కావాలి.

టంకం_తాత:

ఒక్క కెపాసిటర్ కాబట్టి లెక్క చిన్నది. 4 మైక్రోఫారడ్, 8 ఓమ్ ట్వీటర్ కలిస్తే సుమారు 5 కిలోహెర్ట్జ్ దగ్గర నుంచి కింది స్వరాలకు కోత. కానీ ఇది నిదానంగా తగ్గే రకం, 2.5 కిలోహెర్ట్జ్ దగ్గర 7 డెసిబెల్‌లే తగ్గుతుంది. డోమ్ ట్వీటర్‌కు ఆ రక్షణ చాలదు. శబ్దం బాగా పెంచి ఆంప్ క్లిప్ అయితే (శక్తి చాలక స్వరం తలలు తెగితే) మొదట కాలేది అదే. మీకు ఒకటి పోయిందంటే నాకు ఆశ్చర్యం లేదు.

యాభై ఏళ్ల ఎలక్ట్రోలైటిక్ కాబట్టి కెపాసిటర్ మార్చాల్సిందే. పాతదాని విలువ రాసిన 4 మీద ఉందని నమ్మొద్దు, ఎల్‌సీఆర్ మీటర్ (కెపాసిటర్ విలువ కొలిచేది) పెట్టి చూడండి, సాధారణంగా పైకి జారుతుంది. అదే విలువ 100 వోల్టుల ఫిల్మ్ కెపాసిటర్ వేస్తే ఇంకో యాభై ఏళ్లు చూడక్కర్లేదు. పాతదానిలో లోపలి నిరోధం కొంత ఉండేది, కొత్త ఫిల్మ్‌లో దాదాపు లేదు, అందుకే ట్రెబుల్ కాస్త పదునెక్కుతుంది. చెవికి గుచ్చుకుంటే 0.5 ఓమ్ రెసిస్టర్ సిరీస్‌లో పెట్టండి. ధ్రువాలున్న మామూలు ఎలక్ట్రోలైటిక్ పెట్టకండి. కోఠీ గుజరాతీ గల్లీలో నాన్‌పోలార్ దొరకని రోజున, 10 మైక్రోఫారడ్‌వి రెండు మైనస్‌కు మైనస్ కలిపితే 5 వస్తుంది. అది పరీక్షకు పనికొస్తుంది, శాశ్వతంగా వద్దు.

నాబ్‌కు ఎన్ని కాళ్లున్నాయో చూడండి. మూడు ఉండి రెండు ట్రాకులుంటే ఎల్-ప్యాడ్ (ఓమ్‌లు మారకుండా శబ్దం తగ్గించే నాబ్). గరగర అంటే తీగ మీద తుప్పు. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఓ ఇరవై సార్లు తిప్పండి. అప్పటికీ మధ్యలో మాయమవుతుంటే తీసేసి 2.2 ఓమ్ సిరీస్‌లో, దాని తర్వాత ట్వీటర్‌కు సమాంతరంగా 20 ఓమ్, రెండూ 10 వాట్ల వైర్‌వౌండ్ పెట్టండి. 3 డెసిబెల్‌లు తగ్గుతుంది, కెపాసిటర్‌కు కనబడే 8 ఓమ్‌లు అలాగే ఉంటాయి. నాబ్ మాత్రం దాని చోటే ఉంచండి, రంధ్రం మూసినట్టుంటుంది, ముఖం మారదు.

చదివే మిగతావాళ్లకు ఒక మాట. గుడి దగ్గరో బడి దగ్గరో దించిన పెట్టె అయితే లోపల 100 వోల్టుల లైన్ ట్రాన్స్‌ఫార్మర్ (మైకు సెట్ల పొడవైన తీగలకు వాడేది) ఉండొచ్చు. 10 వాట్ల ట్యాప్ అంటే ఆంప్‌కు 1000 ఓమ్‌లు. ఇంట్లో ఆంప్‌కు పెట్టి గొంతు లేదని పారేయకండి, ట్రాన్స్‌ఫార్మర్ తప్పించి డ్రైవర్‌ను నేరుగా కొలవండి. పాత సినిమా హాలు సామానులో స్పీకర్ వెనక అయస్కాంతం బదులు ఇంకో రెండు తీగల కాయిల్ ఉంటే అది ఫీల్డ్ కాయిల్, దానికి ప్రాణం తీసేంత డీసీ వోల్టేజి కావాలి. తెలిసినవాళ్లు లేకుండా కరెంటు ఇవ్వొద్దు.

చిత్రిక:

పెట్టె గురించి. వెనీర్ మందం అర మిల్లీమీటరు దరిదాపు ఉంటుంది, మెషీన్ ఒక్క చోట ఆగితే అడుగు బోర్డు బయటపడుతుంది. ముందు అది అసలు వెనీరేనా చూడండి. నారగీతలు ఒకే నమూనాలో మళ్లీ మళ్లీ వస్తుంటే అచ్చు వేసిన వినైల్, దానికి పాలిష్ పట్టదు, తడిగుడ్డతో తుడవడమే.

వెనక మూల మీద స్పిరిట్ చుక్క వేయండి. జిగటగా కరిగితే లక్క పాలిష్. స్పిరిట్‌కు కదలక ఎన్‌సీ థిన్నర్‌కు కరిగితే లాకర్. రెండింటికీ చలించకపోతే మెలమైన్ లాంటిది, లేదా నూనె పట్టించిన చెక్క. లక్క అయితే గీకే పనే లేదు, స్పిరిట్ తడిపిన గుడ్డతో పరిచి మళ్లీ పూత వేస్తే కొత్తగా వస్తుంది.

లేచిన వెనీర్ కింద సరేసు (పాతకాలపు జంతు జిగురు) ఉంటే తడిగుడ్డ మీద ఇస్త్రీ పెట్టె ఆన్చి వెంటనే బరువు పెడితే పట్టుకుంటుంది. పట్టకపోతే సిరంజితో జిగురు ఎక్కించి, పైన మైనపు కాగితం, చెక్క, క్లాంపు. ఫెవికాల్ బయటికి కారితే తడిగా ఉన్నప్పుడే తుడవాలి. ఆరితే అక్కడ పాలిష్ పట్టక మచ్చ నిలుస్తుంది.

ఉబ్బిన అడుగు: పూర్తిగా ఆరే దాకా ముట్టొద్దు. తర్వాత నీళ్లలా పలచని ఎపాక్సీ పీల్చుకున్నంత తాగించి, రెండు వైపులా మైనపు కాగితం వేసి క్లాంపు బిగించండి. పూర్వపు 19 మి.మీ. రాదు, 20 వస్తే చాలనుకోండి. వేలితో గిల్లితే రాలేంతగా ఉంటే ఆ పలక మార్చడమే దారి, లప్పం పెట్టి మూస్తే ఆరు నెలలకు మళ్లీ విచ్చుకుంటుంది. పుచ్చు బెజ్జాలు, వాటి కింద తాజా పొడి ఉంటే ముందు ఆ సంగతి చూడండి.

లిన్‌సీడ్ నూనె వాడితే తుడిచిన గుడ్డల్ని ముద్దగా పారేయొద్దు, వాటంతట అవే అంటుకుంటాయి. విప్పి ఆరేయండి.

కోఠీ_కుర్రాడు:

ట్వీటర్ విప్పి చూశా. రంధ్రం అంచు ఆకురాయితో పెంచారు, నలుచదరంగా నాలుగు పాత బెజ్జాలున్నాయి. స్క్రూలు ప్లస్ తలలవి. వెనక స్క్రూ టెర్మినళ్లు. వెనీర్ వాల్‌నట్ అని వడ్రంగి అన్నాడు. స్పిరిట్‌కు కదల్లేదు, థిన్నర్‌కు కరిగింది. మరి ఫిలిప్స్ ట్వీటర్లు ఉంచాలా, తీయాలా?

పాతముద్ర:

పెట్టె అమెరికాదన్న వైపే తూకం ఉంది. ట్వీటర్లు తర్వాత పెట్టినవి. మొదట చదరపు చట్రం కాగితం కోన్ ట్వీటర్ ఉండి ఉంటుంది. బ్యాడ్జి లేకుండా కంపెనీ పేరు ఇంతకంటే తేలదు, తేల్చినట్టు రాసి అమ్మొద్దు కూడా. ఏడీ 0160 డయాఫ్రమ్ దొరికితే ఉంచండి. దొరక్కపోతే రెండూ తీసి జతగా వేరేవి పెట్టండి, ఒకవైపు ఒకటి వద్దు. పాత బెజ్జాలు పూడ్చకండి.

కోన్_డాక్టర్:

అన్నీ బిగించాక రెండు పరీక్షలు. లోపలి ఘనపరిమాణం 59.7 × 34.3 × 26.7, అంటే 54.7 లీటర్లు, డ్రైవర్, పట్టీలు పోను 52 అనుకోండి. మూసిన పెట్టె కాబట్టి కోన్‌ను నెమ్మదిగా లోపలికి నొక్కి వదిలితే వెంటనే ఎగరకుండా నిదానంగా రావాలి. టక్కున వచ్చిందంటే గాలి కారుతోంది. ఊఫర్ గాస్కెట్, నాబ్ రంధ్రం, టెర్మినల్ పలక, వెనక పలక అతుకులు, ఈ వరసలో వెతకండి. గట్టిపడని పుట్టీ పెట్టండి, సిలికోన్ వద్దు, మళ్లీ విప్పలేరు.

రెండోది, 1 కిలోఓమ్ రెసిస్టర్ సిరీస్‌లో పెట్టి, 20 నుంచి 200 హెర్ట్జ్ వరకు స్వరం మారుస్తూ స్పీకర్ కాళ్ల దగ్గర ఏసీ వోల్టులు కొలవండి. ఎక్కడ ఎక్కువ వస్తే అదే పెట్టె అనునాదం. ఎడమ, కుడి మధ్య పది శాతం కంటే తేడా ఉంటే ఒకదాంట్లో కారుడో, ఒక ఫోమ్ ఎక్కువ బిగువో. ఆఖరున 1.5 వోల్టుల సెల్‌ను ఊఫర్ కాళ్లకు క్షణం తాకించి రెండు కోన్‌లూ ఒకే దిక్కుకు కదులుతున్నాయా చూడండి. ట్వీటర్‌కు సెల్ తాకించొద్దు.