ఆడవాళ్ల చేతిలో డబ్బుంటే హెచ్‌ఐవీ ముప్పు తగ్గుతుందా?

నల్లేరు:
నిన్న ఒక సభలో వక్త తేల్చేశారు: "ఆడవాళ్ల చేతికి సంపాదన రానివ్వండి, హెచ్‌ఐవీ దానంతటదే తగ్గుతుంది." చప్పట్లు మోగాయి. నాకైతే మింగుడుపడలేదు. 2003-04 ప్రాంతంలో టాంజానియా, కెన్యాల్లో జరిగిన ఇంటింటి సర్వేలు చూడండి. నిరుపేద ఇళ్ల ఆడవాళ్లలో కంటే కలిగిన ఇళ్ల ఆడవాళ్లలోనే వైరస్ ఎక్కువ కనబడింది. పేదరికమే మూలమైతే లెక్క తిరగబడాలి కదా?

గోధూళి:
నల్లేరు గారూ, "కలిగిన ఇల్లు" అని ఆ సర్వేలు దేన్ని చూసి అన్నాయి? టీవీ ఉందా, ఫ్రిజ్ ఉందా, నేల మట్టిదా సిమెంటుదా అని చూసి. అవసరానికి ఆ టీవీ అమ్ముకునే హక్కు ఆవిడకుందా అన్నది ఆ కొలతలోకి రాదు. పైగా అలాంటి ఇళ్లు ఎక్కువగా పట్టణాల్లో, వైరస్ ముందే పాతుకుపోయిన చోట్ల ఉంటాయి. డబ్బూ ప్రయాణాలూ ఉన్న మగవాడికి బయటి సంబంధాలకు వీలెక్కువ.

నేరుగా చేతికిస్తే ఏమవుతుందో మలావీలోని జోంబాలో చూశారు. పెళ్లికాని అమ్మాయిలకు నెలనెలా సొమ్ము ఇచ్చారు. తల్లిదండ్రుల వాటా వేరు, అమ్మాయి వాటా వేరు. ఏడాదిన్నర తర్వాత, మొదట బడిలో ఉన్నవాళ్లకు పరీక్ష చేస్తే సొమ్ము అందినవాళ్లలో 1.2 శాతం, అందనివాళ్లలో 3 శాతం మందికి హెచ్‌ఐవీ ఉంది. పాతికేళ్లు దాటిన మగవాడితో సంబంధం కూడా సొమ్ము అందినవాళ్లలోనే తక్కువ. నాకు అసలు విషయం ఇదే అనిపిస్తుంది. ఫీజు కట్టేవాడు, ఫోన్ కొనిచ్చేవాడు వయసులో పెద్దవాడై ఉంటాడు. తోటి కుర్రాడి కంటే అతనికి వైరస్ ఉండే అవకాశం ఎక్కువ, అతనికి కాదని చెప్పడం ఇంకా కష్టం.

లెక్కలపిచ్చి:
జోంబాలో మొదట్లో హెచ్‌ఐవీ పరీక్షే చేయలేదు, ముందే ఎవరికి ఉందో తెలియదు, అది మరిచిపోకండి. దక్షిణాఫ్రికాలో పరీక్ష చేసే మొదలుపెట్టారు, బడికి వస్తేనే సొమ్ము అన్నారు. 2016లో ఫలితాలొచ్చాయి. కొత్తగా సోకినవాళ్ల సంఖ్యలో తేడా లేదు.

గోధూళి:
అక్కడ సొమ్ము అందని పిల్లలు కూడా దాదాపు అందరూ బడికి వస్తూనే ఉన్నారండీ. ఇక తేడా ఎక్కణ్నుంచి వస్తుంది?

లెక్కలపిచ్చి:
సరే, మరి దక్షిణాఫ్రికాలోనే ఉన్న లింపోపో? పేద మహిళలకు చిన్న అప్పులిచ్చారు, సమావేశాల్లో హింస గురించీ హెచ్‌ఐవీ గురించీ మాట్లాడించారు. రెండేళ్లలో భాగస్వామి చేతి హింస 55 శాతం తగ్గింది. గొప్ప విషయమే, ఒప్పుకుంటాను. కానీ ఆ ఊళ్ల యువతలో కొత్తగా హెచ్‌ఐవీ సోకడం తగ్గలేదు. వక్త గారి "దానంతటదే" అక్కడే పోయింది.

మూడోగది:
పదకొండేళ్లుగా కౌన్సెలింగ్ చేస్తున్నాను. శాతాల జోలికి పోను. నా దగ్గరికొచ్చే ఒకావిడకు మంచి జీతం. ఏటీఎం కార్డు మాత్రం భర్త జేబులో ఉంటుంది. కండోమ్ మాటెత్తితే "నా మీద అనుమానమా, లేక నీకే ఎవరైనా ఉన్నారా?" అంటాడట. నివారణకు రోజూ వేసుకునే ప్రెప్ మాత్రలు ఇచ్చాం. డబ్బా బ్యాగులో గలగలమంటోందని దూది కుక్కి పట్టుకెళ్లింది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లూ ఇలాంటి మందులే వాడతారు కాబట్టి, డబ్బా కంటబడితే జబ్బే ఉందనుకుంటారని ఆవిడ భయం. రెండు వారాలకు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టేసింది. దూది అలాగే ఉంది.

ఇంకొకావిడకు జీతం ఇందులో సగం కూడా లేదు, కానీ గది అద్దె తన పేరు మీదే. "పరీక్ష చేయించుకున్నాకే ఇంట్లోకి రా" అంది. చచ్చినట్టు వచ్చాడు. అందుకే డబ్బుతో పనిలేదని నేననను. జీతమెంత అని మాత్రం అడగడం మానేశాను. గొడవైతే ఆ రాత్రి ఎక్కడ పడుకుంటావు అని అడుగుతున్నాను.

నల్లేరు:
మేడమ్, నా ప్రశ్నే తప్పుగా వేసినట్టున్నాను. గలగలమనే డబ్బానే లేకపోతే? 2024లో హెచ్‌ఐవీ రాకుండా వేసే లెనకపవిర్ ఇంజెక్షన్ ఫలితాలొచ్చాయి కదా. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో ఆరు నెలలకోసారి తీసుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికీ సోకలేదు.

మూడోగది:
నాకూ ఆశగానే ఉంది. కాకపోతే సూది గుచ్చిన చోట కొన్నాళ్లు చిన్న గడ్డలా చేతికి తగలొచ్చు. అదేంటని ఇంట్లో అడుగుతారు. వార్త చూసి ఒకావిడ అప్పుడే ఫోన్ చేసింది: "టీకా వేయించుకున్నానని చెబితే నమ్ముతాడా మేడమ్?"