అప్‌డేట్: ఎక్సైట్‌బైక్‌లో బండి ఆగిపోవడానికి కారణం తెలిసింది

నల్లగొండలోని మా ఇంట్లో పాత వీడియో గేమ్ మీద నింటెండో వారి 1984 నాటి బైక్ పందెం ఆట ఎక్సైట్‌బైక్ ఆడుతుంటే బండి నడుమ ఆగిపోతోందని, రిమోట్ పాడైందేమోనని గత వారం అడిగాను. రిమోట్ బాగానే ఉంది. మీరు చెప్పినట్టే, వేగాన్ని ఇంకా పెంచే బి (B) బటన్‌ను వదలకుండా నొక్కడం వల్ల ఇంజిన్ వేడెక్కి, తెర అడుగున ఉన్న కొలమానం నిండగానే బండి చల్లారేదాకా నిలిచిపోతోంది. దారిలోని బాణం గుర్తుల మీదుగా పోతే వేడి ఒక్కసారిగా తగ్గుతుంది కనుక, ఇప్పుడు మామూలుగా ‘ఏ’ (A) బటన్‌తోనే నడుపుతూ, ఆ గుర్తులు దగ్గరపడినప్పుడే బి వాడుతున్నాను.

ఎగిరినప్పుడు ఎడమకు నొక్కితే ముందు చక్రం లేస్తుందన్న సలహా మాత్రం అమూల్యమైనది. పాలమూరు నుంచి వచ్చిన మేనల్లుడికి నిన్న అదే నేర్పాను; బండిని పడిపోకుండా దింపిన ప్రతిసారీ వాడి ముఖం వెలిగిపోయింది.