ఎమ్‌రామ్ ధర ఎప్పటికైనా దిగుతుందంటారా?

ప్రశ్న: ఎమ్‌రామ్ (అయస్కాంత గుణంతో డేటా దాచే మెమరీ చిప్పు) తయారుచేసే ఎవర్‌స్పిన్ కంపెనీ షేర్లు నా దగ్గర కొన్ని ఉన్నాయి. కరెంటు పోయినా డేటా చెరగని మెమరీ కదా అని మోజుపడి కొన్నాను. కానీ వాళ్ల డీడీఆర్4 రకం చిప్పు 1 గిగాబిట్టే, కంప్యూటర్లలో వాడే మామూలు డీరామ్ మెమరీ చిప్పు 16 గిగాబిట్లు. బిట్టుకింత అని లెక్కేస్తే గిట్టుబాటవుతుందంటారా?

జవాబు: ఆప్టేన్ సంగతి గుర్తుందిగా, అదీ కరెంటు పోయినా డేటా చెరగని మెమరీయే? 2015లో ఇంటెల్, మైక్రాన్ ఎంత ఆర్భాటం చేశాయి! అమ్మకాలు పెరిగితే గానీ ధర తగ్గదు, ధర తగ్గితే గానీ అమ్మకాలు పెరగవు. 2021లో మైక్రాన్, 2022లో ఇంటెల్ చేతులెత్తేశాయి.

ఇంకొకరు: అసలు పోటీ డీరామ్‌తో కాదండీ, కరెంటు పోయినా డేటా పోకుండా బ్యాటరీ తగిలించిన ఎస్‌రామ్ అనే మెమరీతో. ఫ్యాక్టరీ కంట్రోలర్‌లో బ్యాటరీ మార్చడానికి మనిషిని పంపే ఖర్చు ముందు చిప్పు ధర ఓ లెక్కా?

ప్రశ్న అడిగినవారు: అలాగైతే మార్కెట్టే చిన్నది. ఉన్నవి ఉంచుతా, కొత్తవి మాత్రం కొనను.